రెండో చుట్టు

“అది సూప్, ఓర్లిన్. సరస్సు కాదు. గరిటె ఇటివ్వు!”

“కలుపుతున్నానుగా.”

“కలపడమంటే గుండ్రంగా తిప్పడం. నువ్వు అంకెలు రాస్తున్నావు. ఇంకొక్క ఎనిమిది చుట్టావంటే రేపు నీ పడవలో అరటిపండు పెడతాను, దేవుడి మీద ఒట్టు!”

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న గారెట్ కూడా ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. పడవలో అరటిపండు ఉంటే ఆ ఏడంతా చేప పడదని టామరాక్ సరస్సు ఒడ్డున పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అక్కడ ఏ భార్యా ఏ భర్తనూ అంత మాట అనదు.

“మార్డెల్,” అన్నాడు ఓర్లిన్ పీలగొంతుతో, “ఇన్నేళ్ల కాపురంలో నీ పుట్టింటివాళ్లని నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?”

గారెట్‌కు మేనమామ అయిన ఈ ఓర్లిన్‌కు ఉన్న జబ్బు అదొక్కటే. చేతిలో ఏ పనున్నా చివర్లో ఎనిమిది చుట్టనిదే వదలడు. అంటించింది మస్కీ. ఆ చేపకు మొసలి మూతి, పెద్దింటి టెక్కు. ఎర వెనకాలే పడవ దాకా వస్తుంది, పైనుంచి కింది దాకా చూస్తుంది, పెళ్లిచూపులకొచ్చినవాళ్లలా కబురు చేస్తామన్నట్టు వెళ్లిపోతుంది. అందుకని ఎరను నీళ్లలోంచి లేపేముందు గాలపు కర్ర కొసతో పడవ పక్కనే ఎనిమిది అంకె చుట్టాలి. మొదటి చుట్టులో అది ఆలోచిస్తుంది. రెండో చుట్టులో మనసు పారేసుకుంటుంది. మస్కీ పట్టేవాళ్లందరూ చేసేదే ఇది. కాకపోతే మిగతావాళ్లు పడవ దిగాక మానేస్తారు.

ఓర్లిన్ మానలేదు. గడ్డి కోసే యంత్రాన్ని ఎనిమిది చుట్టించేవాడు. నాలుగు మూలలా గడ్డి అలాగే మిగిలి, కుందేళ్లు కాపురాలు పెట్టాయి. చర్చిలో చందా పళ్లెం చేతికొస్తే పక్కవాళ్లకిచ్చేముందు గాలిలో ఒక ఎనిమిది. కొత్తగా వచ్చిన పాస్టరు అదేదో ఈ ఊరి దీవెన అనుకుని తల వంచాడు. కూతురి పెళ్లిలో కూతురితో నాట్యం చేస్తూ రెండో చుట్టులో కేకు బల్ల మీద వాలాడు.

పొద్దున్నే కాఫీకి వెళ్లేటప్పుడు కూడా అంతే. ట్రక్కుతో చర్చి చుట్టూ ఒక సున్నా, దాణా కొట్టు చుట్టూ ఇంకో సున్నా చుట్టి గానీ హోటల్ ముందు ఆగడు. ఒకసారి కొత్త పోలీసు ఆపాడు.

“ఎన్ని తాగారు?”

“రెండు.”

“ఏం తాగారు?”

“కాఫీ. ఇంకో రెండు తాగాలి, తొందరగా వదులు బాబూ.”

ఆ రెండు సున్నాలూ కలిసే నాలుగురోడ్ల మూలనే ఇర్మా ఇల్లు. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఆవిడ గోడు ఇంకా వేరు. “పోయిన చలికాలంలో పొద్దున్నే తలుపు విరిగేలా బాదాడు. నేను జ్వరంతో లేవలేకుండా పడి ఉంటే! ఎలాగో వచ్చి తీస్తే ఏమన్నాడో తెలుసా? నా కోటు కాలర్‌కున్న నక్క వెంట్రుకలు కావాలట, ఎర కట్టుకోవడానికి! పిచ్చివాడితో వాదన దేనికని కత్తిరించుకోమన్నాను. పోతూ పోతూ నన్ను డాక్టరు దగ్గర దింపాడనుకో, అది వేరే సంగతి. ఇప్పుడు నా కాలర్ ఒకవైపంతా బోడిగుండు!”

ఊరు పగలబడి నవ్వింది. గారెట్ కూడా నవ్వాడు గానీ, వాడు ఇంకొకరిని చూసి నవ్వే పరిస్థితిలో లేడు. కిందటేడు చేపల వేట సీజను మొదలైన రోజున వాడి ఎర వెనక ఒక మస్కీ వచ్చింది. ఒక చుట్టు చుట్టాడు. ఇక రాదులే అని ఎర లేపేశాడు. అప్పుడే అది నోరు తెరిచి ఖాళీ నీళ్లు కొరికింది. పక్క పడవలో ఉన్న లైల్ అనేవాడు ఇదంతా చూశాడు. అప్పటికే గారెట్ కాలేజీ మధ్యలో మానేసి వచ్చి ఉన్నాడు.

“ఎనిమిదిలో సగం చుడితే ఏమొస్తుందిరా?” అన్నాడు లైల్ ఆ సాయంత్రం బార్‌లో. “సున్నా!”

అంతే. ఆ రోజు నుంచి ఊరందరికీ వాడు సున్నా. పోస్టాఫీసులో సున్నా, పెట్రోలు బంకులో సున్నా. ఈసారి ఒక్క మస్కీ పడితే తప్ప ఆ పేరు పోదు. పడకపోతే చచ్చాక సమాధి మీద కూడా సున్నానే చెక్కుతారని వాడి భయం.

మర్నాడే ఈ ఏటి సీజను మొదలు. సూప్ తాగాక మామా అల్లుళ్లు ఎరలన్నీ బల్ల మీద పరిచారు. గారెట్ మూరెడు పొడవున్న కొయ్య ఎర తీశాడు.

“రేపు ఇదే. పెద్ద చేపకి పెద్ద ఎర.”

“నీ మొహం. నీళ్లింకా చల్లగా ఉన్నాయి. గుడ్లు పెట్టి ఒళ్లు హూనమై ఉంటుందది. బాలింత ముందు పెళ్లి భోజనం పెడతావట్రా? పథ్యం పెట్టాలి.” ఓర్లిన్ వేలెడంత ఎర ఒకటి ముందుకు జరిపాడు. ఇత్తడి రేకు, వెనక ఎర్రటి నక్క వెంట్రుకల కుచ్చు. “చిన్నది, నెమ్మదిగా. ఉత్తరపు మడుగులో అడుగంతా నల్ల బురద. ఎండ పడితే ముందు వేడెక్కేది అక్కడే.”

“లైల్ కూడా అక్కడికే వస్తాడు మావయ్యా. మనం ముందుండాలి.”

“ఉందాం.”

“దారిలో ఎక్కడా ఆగకూడదు.”

“ఆగను,” అన్నాడు ఓర్లిన్. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. మర్నాడు తెల్లారుతుండగా, వెనక పడవ తగిలించిన ట్రక్కుతో, ఎక్కడా ఆగకుండా చర్చి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

“మావయ్యా! ఇవాళ కూడానా!”

“అలవాటు.”

“నీ అలవాటు తగలెయ్య! అదిగో లైల్!”

లైల్ ట్రక్కు హారన్ మోగిస్తూ దాటిపోయింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి గాలిలో శ్రద్ధగా సున్నా గీసింది. ఓర్లిన్ దాణా కొట్టు చుట్టూ తీరిగ్గా తిరిగి, నాలుగురోడ్ల దగ్గర మెడ చాచి చూసి, అప్పుడు గానీ సరస్సు దారి పట్టలేదు.

వీళ్లు వెళ్లేసరికి మడుగు వాకిట్లో లైల్ తిష్ఠ వేసి మూరెడు ఎరలు విసురుతున్నాడు. పొద్దున్నంతా విసిరాడు. బాలింత గడప దాటలేదు. మధ్యాహ్నానికి ఆకలేసి, “ఇక్కడేం లేవురా సున్నా, నువ్వే ఉంచుకో!” అని వెళ్లిపోయాడు.

అప్పటికి మడుగంతా ఎండ పరుచుకుంది. గారెట్ నక్క వెంట్రుకల ఎర విసిరి నెమ్మదిగా లాగాడు. కాసేపటికి దాని వెనక ఒక దుంగ కదిలింది. దుంగకు కళ్లున్నాయి.

పడవ పక్కన మొదటి చుట్టు చుట్టాడు. దుంగ చూసింది, తల తిప్పుకుంది. గారెట్ చెయ్యి దానంతటది పైకి లేవబోయింది.

“అంకె పూర్తి చెయ్యి,” అన్నాడు ఓర్లిన్, గాలి వదిలినంత చిన్నగా.

రెండో చుట్టు. నీళ్లు బద్దలయ్యాయి. తర్వాత జరిగిందంతా కేకలే: “లాగు!” “వదులు!” “నా టోపీ!” చివరికి వల నిండా చేప, పడవ నిండా నీళ్లు. కొక్కెం తీసి, ఫొటో దిగి, సరస్సుకే వదిలేశారు. అది పోతూ తోకతో ఓర్లిన్ మొహం మీద ఒక్కటిచ్చింది.

గారెట్ ఇంకా గెంతుతూనే ఉన్నాడు. ఓర్లిన్ మొహం తుడుచుకుని, మోకాలు రుద్దుకుంటూ అన్నాడు:

“మంగళవారం ఈ మోకాలు కోస్తారు. అది కుదిరేదాకా బండి తోలొద్దట. పొద్దున్న నా ఎనిమిది నువ్వు చుట్టాలి.”

“ట్రక్కుతోనా? నాకేం పిచ్చా?”

“ఎనిమిదికి నడుం ఎక్కడుంది?”

గారెట్ తడి వేలితో పడవ బల్ల మీద గీశాడు. పైన చర్చి, కింద దాణా కొట్టు. రెండు సున్నాలూ కలిసే చోట వేలు ఆగిపోయింది.

“ఇర్మా ఇల్లు,” అన్నాడు.

“మొదటిసారి దాటేటప్పుడు వంటింటి కర్టెన్ మూసే ఉంటుంది. పెద్దావిడ, లేవడానికి టైము పడుతుంది. రెండోసారి వచ్చేసరికి తీసి ఉంటుంది. తీసుంటే నీ కాఫీకి నువ్వెళ్లు.”

“తియ్యకపోతే?”

“తలుపు బాదు. ఒంట్లో ఎలా ఉందని మాత్రం అడగొద్దు. తనకి కాపలా కాస్తున్నామని తెలిస్తే చీపురు తిరగేస్తుంది. ఎర కట్టడానికి నక్క వెంట్రుకలు కావాలని అడుగు.” ఓర్లిన్ ఒక్క క్షణం ఆలోచించాడు. “కుడివైపు నేను అయిపోగొట్టేశాను. నువ్వు ఎడమవైపు అడుగు.”