నాపరాళ్ళ సందులో సాలెపురుగు

మాచర్లలో మా రేకుల ఇంటి వెనక నాపరాళ్ళు పేర్చి ఉండేవి. మా ఆయన రాళ్ళ పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. అంచులు విరిగినవి తెచ్చి అక్కడ పడేసేవాడు. ఆ ఆదివారం పొద్దున మా అత్తయ్య, బట్టలుతికే చోట వేసుకుందామని ఒక రాయి లాగింది. లాగుతూనే కెవ్వున అరిచింది.

పరుగెత్తాను. ఆమె చూపుడువేలికి ఒక సాలెపురుగు వేలాడుతోంది. అరచేయంత ఉంది, ఒళ్ళంతా నూగు. చెయ్యి విదిలిస్తే నేలమీద పడి, ముందుకాళ్ళు పైకెత్తి నా మీదికి లేచింది. కాళ్ళ అడుగున నిండు పసుపు చారలు. చేతికందిన రాతిముక్కతో కొట్టాను. కదలడం ఆగాక కూడా కొడుతూనే ఉన్నాను.

"ఇసం పైకెక్కుద్ది, కట్టరా!" అని పక్కింటి బాబాయి గోడ మీంచి అరిచాడు. మా ఆయన పాత చీర చింపి అత్తయ్య మణికట్టుకు బిగించాడు. చెయ్యి నల్లబడింది. ఆ తర్వాత బ్లేడు తెచ్చాడు.

"వద్దు, ఆస్పత్రికి పోదాం," అన్నాను.

"నోర్ముయ్యవే! మా అమ్మ చచ్చిపోద్ది!" అని నన్ను తోశాడు. గోడకు కొట్టుకుని నా పెదవి చిట్లింది. అత్తయ్య "వద్దురా నాయనా" అని ఏడుస్తున్నా, ఆమె చేతిని మోకాలితో తొక్కిపట్టి వేలు నిలువునా కోశాడు. రక్తం అతని బనీను మీద చిమ్మింది.

చచ్చిన పురుగును డబ్బాలో వేసుకుని ఆటోలో వెళ్ళాం. డాక్టరమ్మ ముందు ఆ కట్టు కోసేసింది. తర్వాత డబ్బాలోకి చూసింది.

"దీన్ని తేవడం మంచిదైంది. ఇది కరిస్తే నొప్పి, కండరాలు పట్టేస్తాయి. మామూలుగా ప్రాణం పోదు. సబ్బుతో కడిగి, ఐసు పెట్టి తీసుకొస్తే చాలు. ఈ కోత ఎవరు కోశారయ్యా? నరం తెగింది!"

మా ఆయన సాయంత్రం ఇంటికి పోయి, గడ్డపారతో ఆ రాళ్ళన్నీ పగలగొట్టి, సందుల్లోంచి పాకిన పురుగుల మీద పెట్రోలు పోసి తగలబెట్టాడట. మర్నాడు నేను ఆస్పత్రి నుంచి వెళ్ళేసరికి మసిలో కూర్చుని ఉన్నాడు.

"పెదవికి మందు రాసుకున్నావా?" అన్నాడు. నేను అత్తయ్య బట్టలు సర్దుకుని మళ్ళీ ఆస్పత్రికి బయల్దేరాను.

అత్తయ్యకు వారం రోజులు కాళ్ళూ చేతులూ కొంకర్లు పోయాయి. ప్రాణం నిలిచింది గానీ ఆ వేలు మళ్ళీ వంగలేదు. అడిగినవాళ్ళందరికీ "పురుగు తినేసింది" అని చెబుతుంది.

ఒకసారి ఉండబట్టలేక, "పురుగు కాదత్తయ్యా, నీ కొడుకే," అన్నాను.

"నాకు తెలవదా ఏందే," అంది, మిగిలిన వేళ్ళతో అన్నం కలుపుకుంటూ.