సర్వర్‌కి ఒకరోజు విశ్రాంతి

కలకత్తా భవానీపూర్‌లోని బ్రెయిలీ ప్రెస్సుకి నన్ను పంపేటప్పుడు మా మేనేజరు చెప్పింది ఒకటే మాట: "చిన్న పని. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు." ఈ మాట అనేవాళ్ళెవరూ ఆ పని జన్మలో చేసి ఉండరు. కంప్యూటర్లకి వైర్లు కలిపి పొట్టపోసుకునే నాకు ఆపాటి లోకజ్ఞానం ఉంది. అయినా వెళ్ళాను. మా ఇల్లున్న లిలువాలో లోకల్ రైలెక్కి, హౌరాలో దిగి, నది కిందుగా వెళ్ళే మెట్రో పట్టుకుని, ఎస్‌ప్లనేడ్‌లో మరో మెట్రో మారి వెళ్ళాను. చిన్న పని కదా, ప్రయాణమైనా పెద్దదిగా ఉండాలి.

చూపులేనివాళ్ళ కోసం చుక్కల పుస్తకాలు అచ్చువేసే చోటది. ఎవరో పుణ్యాత్ములు వాళ్ళకి కొత్త అచ్చు యంత్రమూ, దాన్ని నడపడానికి కొత్త కంప్యూటర్లూ దానమిచ్చారు. పాత యంత్రం అంతకుముందే కన్నుమూసింది. అంతా బాగానే ఉంది కానీ, అచ్చువేయాల్సిన పుస్తకాలన్నీ వెనక గదిలో తాళం వేసి ఉన్న ఓ పాత ఫైల్ సర్వర్‌లో ఉన్నాయి. ఆ సర్వర్ ఇంకో కాలంది, ఇంకో నెట్‌వర్క్ సిస్టమ్‌ది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఆ సరుకుని వదిలేసి ఏళ్ళయింది. ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు కాబట్టి అది పాపం ఆ తాళం వెనక నిష్ఠగా తిరుగుతూనే ఉంది. కొత్త కంప్యూటర్లు పిలిస్తే దానికి అర్థం కాదు, అది పలికితే వాటికి వినపడదు.

ఆ సర్వర్‌లో ఉన్నవాటిలో ఒక్కటి మాత్రం ఒక మనిషి ప్రాణం. బెంగాలీ నిఘంటువు, బ్రెయిలీలో. అక్కడ అందరూ దాదా, అంటే అన్నగారు, అని పిలిచే ప్రూఫ్‌రీడరు తయారుచేసింది. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ మాట మాటా వేళ్ళతో తడిమి, తప్పులు పట్టి, దిద్దుకుంటూ వచ్చాడు. పాత యంత్రం పోవడంతో ఒక్క సంపుటమూ అచ్చుకాకుండానే ఆగిపోయింది. దుర్గాపూజ అవగానే ఆయన రిటైరవుతున్నాడు. ఈలోగా ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి చేత్తో తడమాలని ఆయన కోరిక. అంతకుమించి ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి సెక్రటరీగారు. వెనక గది తాళం కావాలంటే దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టాను. అది కమిటీ ముందుకు వెళ్ళాలన్నారు. కమిటీ కూర్చుని, మట్టి కప్పుల్లో టీ తాగి, బెంగాల్ ఏ విధంగా పతనమైందో చర్చించి, నా తాళం విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేసి లేచింది. పతనానికి కారణం వెతుక్కుంటూ వాళ్ళు అంత దూరం వెళ్ళనక్కర్లేదని నాకనిపించింది కానీ, బిల్లు మీద సంతకం పెట్టాల్సింది వాళ్ళే కాబట్టి టీ బాగుందన్నాను.

మొత్తానికి తాళం వచ్చింది. నేను చేసిన పని చెప్పుకోవడానికి గొప్పదేమీ కాదు. పాత భాషా కొత్త భాషా రెండూ వచ్చిన ఓ ముసలి కంప్యూటర్ని మా ఆఫీసు గోడౌన్‌లోంచి తవ్వి తీసి, ఆ రెండింటి మధ్యా కూర్చోబెట్టాను. సర్వర్ దానికి చెబుతుంది, అది కొత్తవాటికి చెబుతుంది. మా అమ్మకి ఇది వివరిస్తే తేలిగ్గా తీసిపారేసింది.

"ఏటే, ఇదేనేటి నీ ఇంజినీరింగు? సిన్నప్పుడు నా పక్కన నిలబడి సేపలోడితో బెంగాలీలో బేరవాడేదానివి కాదా? అప్పుడు జీతవెవరిచ్చినారు?"

ఇంత చక్కగా నా ఉద్యోగాన్ని నాకెవరూ వివరించలేదు.

కొత్త కంప్యూటర్ తెర మీద నిఘంటువు ఫైళ్ళ పేర్లు వరసగా కనిపించిన రోజు దాదా నా పక్కనే కుర్చీలో ఉన్నాడు. నేను పేర్లు చదువుతుంటే ఒక్కొక్కదానికీ "ఉంది, ఉంది" అంటూ తల ఊపాడు. తర్వాత వెనక గదికి తీసుకెళ్ళమన్నాడు. సర్వర్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"వెచ్చగా ఉందమ్మా," అన్నాడు. "దీనికెప్పుడైనా పూజ చేశారా?"

"తాళం వేసిన గదిలో పూజెవరు చేస్తారు దాదా? నిజానికి ఈ ప్రెస్సులో అసలు దేవుడు ఇదే. మిగతావన్నీ ద్వారపాలకులు," అన్నాను. నా నోరు అలాంటిది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఫైళ్ళన్నీ కొత్తవాటిలోకి దిగడానికి సమయం పడుతుంది. పాత డిస్కులు, నత్తనడక. ఆ రాత్రీ మర్నాడూ వాటి మానాన వాటిని వదిలేయాలి. మర్నాడు విశ్వకర్మ పూజ. లిలువాలో పెరిగినదాన్ని, ఆ పండగ నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు రైల్వే వర్క్‌షాపు గేట్లు ఇళ్ళవాళ్ళకి కూడా తెరుస్తారు. నాన్న మమ్మల్ని తీసుకెళ్ళి తను నడిపే లేతు మిషన్‌కి దండ వేయించేవాడు. ఆ రోజు యంత్రాన్ని ముట్టుకోకూడదు, నడపకూడదు. ఏడాదంతా చాకిరీ చేసినదానికి బొట్టు పెట్టి, దండ వేసి, విశ్రాంతి ఇవ్వాలి.

అందుకే సెక్రటరీగారి దగ్గరికి ప్రత్యేకంగా వెళ్ళి చెప్పాను. "ఏళ్ళ తరబడి ఆగకుండా తిరుగుతున్న డిస్కులండీ. ఒకసారి ఆగి చల్లబడితే మళ్ళీ తిరుగుతాయన్న నమ్మకం లేదు. దాన్ని మాత్రం ఎవరూ ఆపొద్దని అందరికీ చెప్పండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "నోటిమాటకి విలువేముంది మేడం? లిఖితపూర్వకంగా ఇస్తాను." అంత బాధ్యతగల మనిషి దొరికాడని సంతోషపడి నేను రైలెక్కాను.

పూజ మర్నాడు వెళ్ళేసరికి గదంతా ధూపం వాసన. సర్వర్ మెడలో బంతిపూల దండ. చప్పుడు లేదు.

క్యాంటీన్ నడిపే అక్క ఉత్సాహంగా జరిగింది చెప్పింది. నిన్న మధ్యాహ్నం కిచిడీ తిని, చూపున్నవాళ్ళందరూ గాలిపటాలు ఎగరేయడానికి మేడెక్కారట. కలకత్తాలో ఆ రోజు ఆకాశం ఖాళీ ఉండదు కదా. గాలిపటాల పని లేని దాదా ఒక్కడే కింద ఉండిపోయి, సింధూరమూ దండా పట్టుకుని వెనక గదికి వెళ్ళాడట. "తన పుస్తకాన్ని ఇన్నేళ్ళు మోసిన యంత్రమని, తన చేత్తోనే బొట్టు పెట్టి, తనే స్విచ్చు వెతుక్కుని విశ్రాంతి ఇచ్చాడు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

సర్వర్ ముందుభాగాన ఒక కాగితం అంటించి ఉంది. టైపు చేసిన ఇంగ్లీషు, సెక్రటరీగారి సంతకం, గుండ్రటి ముద్ర. ఈ యంత్రాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆపరాదని ఆదేశం. బ్రెయిలీ ప్రెస్సులో, సిరాతో. దాని మీద నిలువుగా సింధూరం బొట్టు.

స్విచ్చు వేశాను. టిక్కుమంది, అంతే. తట్టాను, విప్పాను, కుదిపాను. చేతులు కాలాక ఆకులు వెతికాను. బ్యాకప్ ఉంది, చక్కగా పేర్లు రాసిన టేపుల్లో. ఆ టేపులు చదివే యంత్రాన్ని పనికిరాదని పాత ఇనుపసామాన్లవాడికి ఇచ్చేశారు. దాదా దిద్దిన ప్రూఫు కాగితాలేమయ్యాయంటే, దళసరి కాగితం కాబట్టి వీధి మూల మీద ఝాల్‌మురీ, అదే కారం మరమరాలు, అమ్మే అతను పొట్లాలకి పట్టుకుపోయాడట. డిస్కులు బాగుచేసేవాళ్ళ దగ్గరికీ పట్టుకెళ్ళాను. లోపల గీతలు పడ్డాయని తిప్పి పంపారు. మొదటి సంపుటాలు కొత్త కంప్యూటర్లోకి వచ్చాయి. 'ప' అక్షరం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి భాష అంతా పోయింది.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. యంత్రం వృద్ధాప్యం వల్ల సహజంగా ఆగిపోయిందని తీర్మానించింది. తాను ముందురోజే లిఖితపూర్వకంగా హెచ్చరించిన సంగతిని సెక్రటరీగారు రికార్డు చేయించుకున్నారు. టీ వచ్చింది. ఈసారి బాగుందని నేననలేదు.

బయటికొస్తే వరండాలో బెంచీ మీద దాదా. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి పక్కకి జరిగాడు.

"ఎందాకా వచ్చింది?"

"'ప' దాకా దాదా."

"సర్వర్ మీదేదో కాగితం చేతికి తగిలింది," అన్నాడు. "దేవుడి బొమ్మ అనుకున్నాను. దాని మీదే బొట్టు పెట్టాను. బొమ్మేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. జీవితమంతా తప్పులు పట్టిన మనిషి దగ్గర అది నిలబడదు. నోటీసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, సంతకం, ముద్రతో సహా.

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకుని విన్నాడు.

"ఇంగ్లీషులో తప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు దాదా," అన్నాను. "ఒక్కటి కూడా లేదు."