వఫ్రా తోటలో మావయ్యగారు

మా మావయ్యగారు ఎక్సైజు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి లంకల్లో దొంగసారా కాచేవాళ్లకి ఆయన మోటారుసైకిలు చప్పుడు బాగా తెలుసట. పట్టుకున్న సరుకు ఎప్పుడు పులిసిందో, ఎందులో పులిసిందో వాసన చూసి చెప్పేసేవారట. అలాగని ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. ఆ సంగతి అత్తయ్యగారు చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

అత్తయ్యగారు పోయాక, ఆ చలికాలంలో మావయ్యగారిని విజిట్ వీసా మీద కువైట్ తీసుకొచ్చుకున్నాం. సాల్మియాలో ఫ్లాటు. మా ఆయన రిఫైనరీలో ఇంజనీరు. నేను షర్క్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేసేదాన్ని. మావయ్యగారు పొద్దున్నే సముద్రం ఒడ్డున నడిచొచ్చేవారు, టీవీ చూసేవారు, పెట్టింది తినేవారు. "ఎలా ఉంది మావయ్యగారూ?" అని అడిగితే "బాగుందమ్మా" అనేవారు. గుత్తివంకాయ కూర చేసినా బాగుందే, పొద్దుటి ఇడ్లీలు రాత్రికి పెట్టినా బాగుందే. ఒకరోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఆ పప్పూ బాగుందన్నారు. ఆయన తింటున్నారు గానీ రుచి చూడటం మానేశారని ఆరోజు నాకర్థమైంది.

అలాంటి రోజుల్లోనే మా ఆఫీసులో ఒకమ్మాయి ఈ ట్రిప్పు గురించి చెప్పింది. ఒక కువైటీ ఆవిడ ఇటలీలో చదువుకుంటూ, అక్కడి పల్లెల్లో ద్రాక్షతోటలు తిరుగుతూ వైన్లు రుచి చూసే యాత్రలకి వెళ్లేదట. తిరిగొచ్చాక దక్షిణాన వఫ్రాలో ఉన్న తన తండ్రిగారి తోటలో అలాంటిదే మొదలుపెట్టింది. సెలవు రోజున బస్సులో తీసుకెళ్లి, తోటంతా తిప్పి, అక్కడ పండినవీ వండినవీ రుచి చూపిస్తుంది. కువైట్లో వైన్ మాట ఎత్తకూడదు కాబట్టి దాని బదులు పళ్లరసాలు.

"రుచి చూడ్డానికి బస్సెక్కి అంత దూరం వెళ్తారేంటమ్మా?" అన్నారు మావయ్యగారు.

"మీ అబ్బాయికి డ్యూటీ ఉంది. నాకు తోడెవరూ లేరు మావయ్యగారూ" అన్నాను. తోడు అనేసరికి వెంటనే ఒప్పుకున్నారు.

శుక్రవారం వెళ్లాల్సింది. తెల్లవారేసరికి దుమ్ము తుఫాను వచ్చి ఎదురింటి కిటికీలు కూడా కనపడలేదు. ట్రిప్పు శనివారానికి మార్చామని ఫోనొచ్చింది. శనివారం మాత్రం ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. బస్సులో పదిహేను మంది దాకా ఉన్నాం. మా వెనక సీట్లో పెద్ద గడ్డం ఉన్న ఒక తెల్లాయన, ఇక్కడ బళ్లో ఇంగ్లీషు మాస్టారు; ముందు సీట్లో నలుగురు ఫిలిప్పీనో నర్సులు. మా గైడు, అంటే ఆ కువైటీ ఆవిడ, మైకు పట్టుకుని నిలబడి దారంతా నవ్విస్తూనే ఉంది.

గంటకు పైగా ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఒంటెలు. తర్వాత ఉన్నట్టుండి పచ్చదనం మొదలైంది. తోట గేటు దాటగానే రెండు పక్కలా ఖర్జూర చెట్లు. మావయ్యగారు బస్సు దిగి, తలెత్తి, ఒక్కో చెట్టు పైకీ చూసుకుంటూ నడవడం మొదలుపెట్టారు.

"ఏం చూస్తున్నారు?"

"ఏం లేదమ్మా. అలవాటు. ఈతచెట్టు లాంటిది కనపడితే కళ్లు కల్లుకుండ కోసం వెతుకుతాయి."

"ఇక్కడ కుండ కడితే జైల్లో పెట్టి, ఆ తర్వాత దేశం దాటిస్తారు."

"అందుకే నాకీ దేశం నచ్చింది" అన్నారు.

గైడు ముందు కీరదోస పందిళ్లకి తీసుకెళ్లింది. తీగ నుంచి అప్పుడే కోసి ఇచ్చిన కాయ కొరికితే నీళ్లు మోచేతి దాకా కారాయి. ఆ తర్వాత టమాటాలు, గొర్రెపాల జున్నుగడ్డ, తేనె, వేడి రొట్టె. మావయ్యగారు ప్రతిదీ ఒక ముక్క తీసుకుని "గుడ్, గుడ్" అంటూ ముందుకు నడిచారు. గైడు నా చెవి దగ్గరకొచ్చి, "మీ నాన్నగారు పరీక్ష పేపర్లు దిద్దితే అందరూ పాసే" అంది. మావయ్యగారని సరిదిద్దబోయి ఊరుకున్నాను.

తర్వాత రసాలు. పందిరి కింద పొడవాటి బల్ల వేసి, సన్నటి కాడలున్న గాజు గ్లాసులు బారుగా పేర్చారు. గ్లాసు ఎలా వంచాలో, ఎలా తిప్పాలో, ముక్కు లోపల పెట్టి ఎలా పీల్చాలో గైడు చేసి చూపించింది. దానిమ్మ రసంతో చేశాం, ద్రాక్షరసంతో చేశాం. ఇంగ్లీషు మాస్టారు కళ్లు మూసుకుని మరీ తిప్పాడు. చివరికి లేత గోధుమరంగులో ఏదో పోశారు.

"ఇది నబీజ్. ఖర్జూరాలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి వడకట్టిన రసం. మా నాయనమ్మలు పిల్లలకి కూడా తాగించేవారు. యల్లా, మొదటగా వాసన" అంది గైడు.

మావయ్యగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయారు. మళ్లీ వాసన చూశారు. వంగిన భుజాలు లేచి నిలబడ్డాయి. గ్లాసుని వెలుతురుకి పట్టి చూశారు. ఒక గుక్క తాగారు. నేను చూస్తుండగానే మిగతాదంతా ఎత్తి గొంతులో పోసుకున్నారు. మీసం తుడుచుకుని, చెయ్యెత్తి, పందిరి అదిరేలా అరిచారు.

"స్టాప్! నోబడీ డ్రింక్! మేడమ్, దిస్ ఈజ్ టాడీ!"

టాడీ అంటే కల్లని గైడుకి తెలీదు. మాస్టారు ఎంతో సంతోషంగా వివరించాడు. ఆవిడ మొహం పాలిపోయింది. తన గ్లాసు వాసన చూసి "యా అల్లా!" అని బల్ల మీద పెట్టేసింది. నర్సులు గ్లాసులు దూరంగా నెట్టారు. మాస్టారి గ్లాసు అప్పటికే సగం ఖాళీ.

గైడు వంటింటి వైపు చూసి కేకేస్తే ఒకావిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమాయ మామా?" అని తెలుగులో అనేసి, తర్వాత అరబ్బీలోకి మారింది. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అనే పిలుస్తారు. మావయ్యగారు ఠక్కున తిరిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"కడప పక్కన సార్."

"ఇది ఎప్పుడు నానబెట్టావు?" పాత ఇన్‌స్పెక్టరు గొంతు అది. నాకే భయమేసింది.

"బేస్తవారం రేత్రి సార్. శుక్రారం మంది వస్తారని మామా చెప్పె. దుమ్ము లేసి ఎవురూ రాలేదు. పారబోస్తానంటే, మంచి ఖర్జూరాలు, ఉండనీలే అనె. ఫ్రిజ్జులో చోటు లేక పొయ్యి పక్కన పెట్టింటి." ఆవిడ గైడు వైపు ఒకసారి చూసింది. "నన్ను పంపించేస్తారా సార్?"

మావయ్యగారు ఒక్క క్షణం ఆవిడ వైపే చూశారు. ఉద్యోగంలో ఆయన ఎవరినీ వదిలిపెట్టలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు గైడు వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో నిదానంగా చెప్పారు. "ఈమె తప్పేం లేదు మేడమ్. తప్పంతా దుమ్ముది, పొయ్యిది."

గైడు నుదురు కొట్టుకుని నవ్వేసింది. "కాదు, తప్పు నాది. పారబోయొద్దన్నది నేనే. ఖలాస్" అని, తనే గిన్నె మోసుకెళ్లి ఖర్జూర చెట్టు మొదట్లో గుమ్మరించింది. మాస్టారు చివరిదాకా చూస్తూ నిలబడ్డాడు.

నేను మావయ్యగారిని పక్కకి లాగాను. "పులిసిందని వాసనకే తెలిసిపోయిందిగా. మరి గ్లాసంతా ఎందుకు తాగారు?"

"రుజువుండాలి కదమ్మా" అన్నారు గంభీరంగా. తర్వాత గొంతు తగ్గించి, "జన్మంతా వాసన చూసి కేసులు రాశాను. ఎలా ఉంటుందో ఒక్కసారైనా తెలియాలి కదా" అన్నారు.

"ఎలా ఉంది?"

కొంచెం ఆలోచించారు. "బాగాలేదమ్మా."

నాకు నవ్వాగలేదు. కువైట్ వచ్చాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

భోజనాల వేళ అందరికీ పెద్ద పళ్లేల్లో అన్నం మీద వేయించిన చేప పెట్టారు. చూస్తే మావయ్యగారు బల్ల దగ్గర లేరు. వెతుక్కుంటూ వెళ్తే వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. కడపావిడ తన కోసం నూరుకున్న టమాటా పచ్చడి ఆయన అన్నంలో వేసింది. ఆయన కలిపి ఒక ముద్ద తిని, అలాగే ఉండిపోయారు.

"కారమా సార్?"

"కాదు. మా ఆవిడ ఇందులో నువ్వులు వేసేది."

"మా తట్టు చెనిక్కాయలు ఏస్తాం సార్."

"వేరుశనగలేస్తే పచ్చడి బరువెక్కదూ?"

"నువ్వులేస్తే చేదొస్తాది గదా?"

"మాడిస్తే వస్తుంది. దోరగా వేయిస్తే రాదు. మా ఆవిడ పొయ్యి తగ్గించి, చిటపటమనగానే దింపేసేది." అత్తయ్యగారి గురించి ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడి చాలాకాలమైంది. కళ్లు తడయ్యాయి, కారం వల్లేమో అనుకునేలా ముక్కు ఎగపీల్చారు. తర్వాత కంచం ముందుకు జరిపి, "ఇంకాస్త వేస్తావా అమ్మా" అన్నారు.

నేను గుమ్మం దాటకుండా అక్కడే నిలబడ్డాను. గైడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, సంగతి అడిగి, ఆ పచ్చడి గిన్నె తీసుకెళ్లి బల్ల మధ్యలో పెట్టేసింది. "ఈరోజు ఆఖరి రుచి!" అని ప్రకటించింది. ఫిలిప్పీనో నర్సులు రొట్టె ముంచుకుని తిని చప్పట్లు కొట్టారు. మాస్టారికి వెక్కిళ్లు పట్టుకుని, ఆగేదాకా బల్ల చుట్టూ తిరిగాడు. కడపావిడ తలుపు చాటు నుంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

వచ్చేటప్పుడు మావయ్యగారు టమాటాల పెట్టె ఒకటి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. తిరుగు దారిలో ఆయన నిద్రపోలేదు. సారా బట్టీల కథలు చెబుతుంటే మాస్టారు వెనక సీట్లోంచి ముందుకు వంగి వింటూ, మధ్యమధ్య నన్ను అనువాదం అడిగాడు.

మర్నాడు ఆదివారం, ఇక్కడ పనిరోజే. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా వేయించిన నువ్వుల వాసన. మావయ్యగారు లుంగీ పైకి కట్టి, నా మిక్సీతో కుస్తీ పడుతున్నారు. ముగ్గురం కూర్చున్నాం. మా ఆయన ఒక ముద్ద తిని నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూసుకున్నాను.

"ఉప్పెక్కువైంది నాన్నా" అన్నాడు చివరికి.

మావయ్యగారు కూడా తిని చూశారు. "అవును, ఎక్కువైంది" అని ఒప్పుకుని, "ఇంకో గిన్నెడు అన్నం తే అమ్మాయ్, సరిపోతుంది" అన్నారు.