బావ సంతకం కోసం ఆగిన సరుకు

మా బావ, అంటే మా అక్క భర్త, పోయిన మంగళవారం మధ్యాహ్నం సూరత్‌లో ఆసుపత్రిలో కన్నుమూశారు. పక్షవాతం వచ్చి పదకొండు రోజులు మాట లేకుండా పడి ఉన్నారు. నేను ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసి, "చెల్లె, మీ బావ పోయిండు" అని మాత్రం చెప్పింది.

సూరత్‌లోని లింబాయత్ పేటలో మా వాళ్లంతా మగ్గాల మీద బతికేవాళ్లే. బావ ఒక్కరే మగ్గం దిగి, పరీక్ష రాసి, కస్టమ్స్ ఏజెంటు లైసెన్సు తెచ్చుకున్నారు. మీలో చాలామందికి ఈ పని తెలియకపోవచ్చు. బయటి దేశం నుంచి వచ్చే సరుకు ఏమిటో, ఎంతో కంప్యూటర్‌లో సర్కారుకు తెలిపి సంతకం పెడితేనే అది రేవు దాటుతుంది. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డ ఏడాది, పదో తరగతి చదివిన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బావ ఈ పని నేర్పారు. వివరాలు నింపేది నేను, చదివి సంతకం పెట్టేది ఆయన.

చదివేటప్పుడు ప్రతి అంకె కిందా చిటికెనవేలు పెట్టేవారు. తెర మీద ఆ మరకలు రోజూ పొద్దున నేను కొంగుతో తుడిచేదాన్ని. మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి పటానికి దండం పెట్టనిదే నేను పని మొదలుపెట్టను. అది చూసి నవ్వేవారు. "మరదలా, సరుకును దేవుడు చూసుకుంటడు. లెక్క మాత్రం నువ్వే చూడాలె."

ఆయన సంతకం పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువులో ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు పెట్టి రహస్య సంఖ్య కొట్టాలి. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నాను, ఆ సంఖ్య నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "ఇది నా చెయ్యి అనుకో," అన్నారొకసారి. "నేను లేనప్పుడు నా చెయ్యి పట్టి రాయకు."

ఆయన పడిపోయే ముందు రోజు, నలుగురు మగ్గాలవాళ్లు కలిసి చైనా నుంచి తెప్పించుకున్న గ్రిప్పర్ల వివరాలు నింపాను. మగ్గంలో పోగును ఇటు నుంచి అటు అందించే ముక్కలవి. ఎడమది ఇస్తుంది, కుడిది అందుకుంటుంది. చెప్పుల జత లాగా మా ఇళ్లలో రెండూ కలిపి ఒకటే లెక్క. ఇన్వాయిస్‌లో నూట ఇరవై అని ఉంటే నేను మనసులోనే జతలు కట్టి అరవై అని రాశాను. తల బరువుగా ఉందంటూనే బావ చదివారు. ఆయనా మగ్గం మీద పెరిగిన మనిషే, అరవై ఆయనకూ సరిగ్గానే కనబడింది.

రేవులో పెట్టెలు విప్పితే నూట ఇరవై ఉన్నాయి. దాచి తెచ్చారేమోనని కస్టమ్స్ వాళ్లు సరుకు ఆపి, జవాబు అడిగారు. జవాబు కింద బావ సంతకం ఉండాలి. అప్పటికే ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. తప్పు నాదని నేనే వెళ్లి చెప్పుకున్నాను. వేరే ఏజెంటును పెట్టుకుంటే పని మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి, వారాలు పడుతుందన్నారు.

మగ్గాలవాళ్లు ఆసుపత్రికి వచ్చారు. ఎవరూ కోపం చేయలేదు. వాళ్లలో పెద్దాయన మెల్లగా అన్నాడు: "బిడ్డా, ఆయన మంచిగుంటే సంతకం పెట్టేటోడే గదా. జర నువ్వే కొట్టు. మగ్గాలు బందై వారమాయె."

నేను లోపలికి వెళ్లి బావ చెవి దగ్గర వంగాను. అరవై కాదు, నూట ఇరవై అని, తప్పు నాదని, ఏం చేయమంటారని అడిగాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేను సంతకం కొట్టలేదు. మంచి చేశానో చెడు చేశానో ఈ రోజుకీ తెలియదు.

నిన్న ఆ పెద్దాయన అక్క ఇంటికి వచ్చాడు. ఏమీ అడగలేదు. మగ్గం మీద చీర సగంలో ఆగిందని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక అక్కడున్న కంప్యూటర్ తెరిచి, కస్టమ్స్ సైటులో బావ పేరు కొట్టాను. ఏం చేద్దామని కొట్టానో నాకే తెలియదు. లోపలికి పోవాలంటే ముందు బావ ఫోన్‌కు ఆరంకెల సంఖ్య వస్తుంది. ఆ సంగతి మరిచాను. పక్క గదిలో, బావ పటం ముందు పెట్టిన ఫోన్ మోగింది.

"చెల్లె, మీ బావకు ఏదో నంబరొచ్చింది," అని అక్క పిలిచింది. "చదవాల్నా?"

తెర మీద ఆ అంకెల కోసం గడి ఖాళీగా ఉంది. అక్క అంకెలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. నా చేతులు ఒడిలోనే ఉన్నాయి. అన్నీ చదివి, నేను రాసుకోలేదేమోనని మళ్లీ మొదటి నుంచి చదివింది.