ముప్పై ఒకటో క్లిప్పు

మా బావ హైవే దాటే వీడియో నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. రెండుసార్లూ చూసింది అదే వీడియో, పదకొండు సెకన్లు.

బావ అంటే అక్క మొగుడు. వాళ్ళ ఊరు అనకాపల్లి నుంచి ఎస్. రాయవరం వైపు వెళ్ళేటప్పుడు హైవేకి ఎడమ పక్కన వస్తుంది. పాలకేంద్రం కుడి పక్కన ఉంది. అందుచేత బావ రోజుకి రెండు పూటలా మోపెడ్‌కి అటొకటీ ఇటొకటీ పాల క్యాన్లు తగిలించుకుని హైవే దాటాలి.

ఆ అడ్డదారి దగ్గర ఒక బోర్డు పెట్టారు. హైవే మీద కొంత దూరంలో స్తంభానికి చిన్న రాడార్ ఉంటుంది. ఏదైనా బండి వస్తోందంటే, ఊరి దారిలో నిలబడ్డవాళ్ళకి కనిపించేలా బోర్డు మీద పసుపు దీపాలు వెలుగుతాయి. ఆ బోర్డు వల్ల మేలు జరుగుతోందా లేదా అని కొలవడం నా ఉద్యోగం. అలాంటి హెచ్చరిక బోర్డులే పెట్టిన ఫిన్లాండ్, కొరియా జట్లు కూడా మాతో కలిసి పనిచేస్తున్నాయి. మూడు చోట్లా రోడ్లు వేరు, బళ్ళు వేరు, ఎండా మంచూ వేరు. కొలిచే ఫారం మాత్రం ఒకటే. అది ఒకటి కాకపోతే ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

అడ్డదారి దగ్గరి కెమెరా తీసే చిన్న వీడియో క్లిప్పు ఒక్కోదానికి ఫారంలో ఆరు గడులు. దాటింది ఏ బండి, బోర్డు వెలిగి ఉందా, ఆగారా, తల తిప్పి చూశారా, వచ్చే బండి ఎంత దగ్గరికి వచ్చింది. చివరి గడిలో మార్కు వేయాలి: మామూలు, జాగ్రత్త, ప్రమాదం తప్పింది. ఇంకో నియమం కూడా ఉంది. ప్రతి క్లిప్పునీ ఆ చోటు తెలిసినవాళ్ళు ఒకరు, తెలియనివాళ్ళు ఒకరు, విడివిడిగా చూడాలి. ఇద్దరి మార్కులూ కలవకపోతే వీడియో కాల్‌లో మాట్లాడుకోవాలి. ఫిన్లాండ్ మంచు రోడ్ల క్లిప్పులు నేను చూసేవాణ్ణి. మా క్లిప్పులు అక్కడి ఒకావిడ చూసేది. మొదటి వారంలో ఆవిడ అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది: ‘ఈ బండికి తోక ఉందా?’ అది ట్రాక్టరు ట్రక్కు వెనక వేలాడుతున్న చెరకు. చెరకు అని చెప్తే ఆవిడ చాలాసేపు నవ్వింది. తెలియని మనిషికి మా రోడ్డు చూపించి ఏం లాభం అనుకున్నాను ఆ రోజు.

తర్వాత ఒక బుధవారం మా ఇద్దరి మార్కులూ కలవని క్లిప్పు ఒక్కటే వచ్చింది. ముప్పై ఒకటోది. నేను వేసింది ‘మామూలు’. ఆవిడ వేసింది ‘ప్రమాదం తప్పింది’.

ఆవిడే పొరబడి ఉంటుందనుకుని కాల్‌లో కూర్చున్నాను.

“బోర్డు వెలగలేదు. ఆయన తల తిప్పలేదు. ఎందుకు?” అని అడిగింది ఇంగ్లీషులో.

“బండి ఏదీ రావడం లేదు కాబట్టి.”

“ఆరో సెకను నుంచి మళ్ళీ చూడండి.”

చూశాను. నాలుగో సెకన్లో బావ హైవే ఎక్కుతాడు. తల నిటారుగా ఉంది, కళ్ళు ఎదురుగా పాలకేంద్రం మీదే. ఆరో సెకన్లో కుడి పక్క నుంచి కంటైనర్ లారీ. ఏడో సెకన్లో లారీ మోపెడ్ వెనకగా దూసుకుపోతుంది. దానికీ వెనక చక్రానికీ మధ్య మంచం పట్టేంత జాగా కూడా లేదు. ఆ గాలికి బావ భుజం మీద తువ్వాలు లేచి మొహానికి కొట్టుకుంది. బావ ఎడమ చేత్తో దాన్ని సర్దుకున్నాడు. అప్పుడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఈ క్లిప్పుకి ‘మామూలు’ అని ఎలా వేశాను?

ఆలోచిస్తే తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు తెరమీద బావ కనిపించాడు. గళ్ళ చొక్కా, పాలు ఒలకకుండా మూతల కింద అక్క కట్టే పాత చీర ముక్కలు. “మన హీరో వచ్చేడు” అనుకుని నవ్వుకున్నాను. బావని చూశానే గాని, రోడ్డు దాటుతున్న మనిషిని చూడలేదు. ఆవిడకి బావ ఎవరో తెలియదు. అందుకే లారీ కనిపించింది.

“ఆయన మా అక్క భర్త” అన్నాను.

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: “బోర్డు వెలగనప్పుడు మీ ఊరివాళ్ళు దాన్ని ఏమని అర్థం చేసుకుంటారు?”

ఆ ప్రశ్న మా ఫారంలో లేదు. వెలిగితే అర్థమవుతుందా అని అందరినీ అడిగాం. అర్థమవుతుందన్నారు. వెలగకపోతే ఏమనుకుంటారని మూడు దేశాల్లో ఒక్కరం కూడా అడగలేదు. “నేనూ మావాళ్ళని అడగలేదు” అంది ఆవిడ.

కాల్ అయ్యాక బోర్డు రికార్డు తీసి చూశాను. ఆ రోజు తెల్లారకముందే కరెంటు పోయింది. కొంతసేపు బ్యాటరీ మీద నడిచింది. బావ దాటే వేళకి బ్యాటరీ కూడా అయిపోయింది. బోర్డు వెలగకపోవడానికి కారణం బండి రాకపోవడం కాదు, కరెంటు లేకపోవడం.

మర్నాడు పొద్దున్నే అక్కా వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క గేదె దగ్గర ఉంది. బావ వీధరుగు మీద కూర్చుని క్యాన్లు తోముతున్నాడు.

“ఏటి బామ్మర్దీ, సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? పిల్లని గానీ సూసేరేటి నీకు?”

నేను పక్కన కూర్చుని ఫోన్ చేతిలో పెట్టాను. బావ చూస్తూ నవ్వాడు.

“ఇది నానే! ఓరి నీ యిల్లు బంగారంగానూ, నన్ను సినిమా తీసేవేట్రా?” లారీ వచ్చింది. నవ్వు ఆగిపోయింది. “మళ్ళీ ఎయ్యి” అన్నాడు. మళ్ళీ వేశాను. మూడోసారి తనే వేలితో నొక్కాడు. చేతిలో కొబ్బరిపీచు అలాగే ఉండిపోయింది.

“ఇది ఎప్పుడు జరిగింది?”

“పోయిన వారం.”

“నాకు తెలీనే తెలీదు. లారీ ఎల్లిందనే తెలీదు నాకు.”

“తల తిప్పి ఎందుకు సూడలేదు బావా?” మా ఇద్దరి మధ్యా నాకూ ఆ యాసే వస్తుంది.

బావ నన్ను వింతగా చూశాడు. “బోర్డు ఎలగలేదు కదా. నువ్వే కదా సెప్పేవు, ఎలిగితే ఆగు, లేకపోతే పో అని. ఈ అరుగు మీదే సెప్పేవు. ఇంజినీరు సెప్పిన మాట కదా అని ఆ రోజు నుంచీ తల తిప్పడం మానేసేను. మెడ నొప్పి కూడా తగ్గింది.”

నేను చెప్పాను. నిజమే. బోర్డు పెట్టిన కొత్తలో, కాఫీ తాగుతూ, ఒక్క వాక్యంలో.

“నానొక్కడినే కాదు, పాలకేంద్రంలో అందరికీ సెప్పేను. మా బామ్మర్ది బోర్డు, బెంగ లేదు, పొండి అని.”

అప్పుడు నా నివేదిక గుర్తొచ్చింది. ఫారంలో నాలుగో గడి, తల తిప్పి చూశారా అన్నది. బోర్డు వచ్చాక తల తిప్పేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఆ తగ్గుదలని నేను గమనించాను కూడా. చిత్తు నివేదికలో దాని పక్కన ‘జనానికి నమ్మకం పెరిగింది’ అని రాశాను. మంచి ఫలితం కింద రాశాను.

“మీ అక్కకి సెప్పకు” అన్నాడు బావ గొంతు తగ్గించి.

అక్క పాలచెంబుతో అప్పటికే గుమ్మంలో ఉంది. “ఏటి సెప్పకూడదు?” అంది. బావ చేతిలోని ఫోన్ తీసుకుని చూసింది. చెంబు కింద పెట్టి, బావ భుజం మీద తువ్వాలు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా మూడు పనులు చేశాను. మా పై అధికారికి ఫోన్ చేసి, బాగుచేసేదాకా బోర్డు కప్పేయడానికి అనుమతి తీసుకుని, గోనెపట్టా కట్టాను. పాలకేంద్రంలో ఉన్నవాళ్ళందరికీ వెలగని బోర్డును నమ్మొద్దని చెప్పాను. ముప్పై ఒకటో వరసలో నా మార్కు కొట్టేసి ‘ప్రమాదం తప్పింది’ అని వేసి, మార్కు మార్చిన కారణం రాసేచోట రాశాను: ‘దాటిన వ్యక్తికి తప్పు సూచన ఇచ్చింది ఈ మార్కు వేసినవాడే.’ అది మిగతా రెండు దేశాలకీ వెళ్ళింది. ‘బోర్డు వెలగకపోతే ఏమనుకుంటారు’ అని కొత్త గడి ఒకటి చేర్చాలని ఆవిడ సాయంత్రంలోగానే ప్రతిపాదన పంపింది.

సాయంత్రం పాలవేళకి రోడ్డు అవతల నిలబడ్డాను. బావ వచ్చాడు. గోనె కట్టిన బోర్డు పక్కన మోపెడ్ ఆపాడు. కాలు కింద పెట్టాడు. తల తిప్పాడు.

కుడి పక్కకి కాదు. నా వైపు. వెళ్ళమంటావా అన్నట్టు గడ్డం పైకెత్తాడు.

“నన్ను కాదు బావా, రోడ్డు సూడు!”

“అరుస్తావేటి, సూత్తన్నాను కదా!”

కుడి పక్క చూశాడు. ఆర్టీసీ బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఎడమ పక్క చూశాడు. మళ్ళీ కుడి పక్క. ఆ తర్వాత, అలవాటు చొప్పున, మళ్ళీ నా వైపు.

నేను తల ఊపలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, దించిన తల ఎత్తకుండా నిలబడ్డాను. మోపెడ్ చప్పుడు అక్కడే ఉండిపోయింది. చాలాసేపటికి, తనంతట తనే, కదిలింది.