అత్తమ్మ తోడుపెట్టిన ఓట్స్

పొద్దున్నే ఉప్మా చేయడం మానేస్తున్నానని నిన్న రాత్రి ఇంట్లో చెప్పేశాను. డుంబ్రిగుడలో నా స్కూలుకి మొదటి జీపు అందుకోవాలంటే పొయ్యి ముందు కూర్చునే తీరిక నాకు లేదు. ఒక డబ్బాలో ఓట్స్ వేసి, పాలు పోసి, మూతపెట్టి, తెల్లారేసరికి నానితే వండకుండానే తినొచ్చని కిటికీ దగ్గర ఉంచాను. అరకు చలిలో ఫ్రిజ్‌తో పనేముంది?

ఈ ఉదయం చూస్తే డబ్బా అక్కడ లేదు. రాత్రి వంట చేసిన పొయ్యి పక్కన, వెచ్చటి బూడిదలో ఉంది. మూత తీస్తే పుల్లటి వాసన.

"సలిలో ఒగ్గేస్తే ఎప్పటికి పులుస్తాదే? అందుకే రెండు గరిటెలు సోడంబలి ఏసినాను" అంది అత్తమ్మ. మిగిలిన రాగి అంబలితో నా ఓట్స్‌కి తోడుపెట్టిందన్నమాట.

"ఇది పులవకూడదత్తా."

"పులవకపోతే రాత్రే నానబెట్టడం దేనికి?"

ఇదే సందని మా ఆయన అందుకున్నాడు. "పొద్దున్నే పొయ్యెలిగించని ఇల్లు ఇల్లేనేటి? ఉప్మా సెయ్యడానికి ఎంతసేపు?"

అత్తమ్మ అతని వైపు తిరిగింది. "నానెప్పుడైనా తెల్లారే పొయ్యెలిగించినానేట్రా? రాత్రి కాసిన అంబలి తాగే బడికెళ్లినావు."

నేను ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసుకుని డబ్బా ఖాళీ చేశాను. బాగుంది కూడా.

రేపూ ఇదే టిఫిను. ఉప్మా కావలసినవాళ్లకు రవ్వ పై అరలో ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ పోస్టు కింద కామెంట్లలో ఎంత పొడవైనా రాయండి. చదవడానికి పొద్దున్నపూట నాకిప్పుడు బోలెడు తీరిక.