కరకట్ట మీద రెండో చుట్టు

అరవైల మొదట్లో మాట. గన్నవరం నుంచి ఒక ప్రైవేటు కంపెనీకి సరుకులు మోసే డకోటా విమానం నడిపేవాణ్ణి. మాది గుడివాడ. అంతకు ముందు నాలుగేళ్ళు మద్రాసు, హైదరాబాదుల మధ్య పాసింజర్లను తిప్పాను. రెండిట్లో ఏది సుఖమని ఇప్పటికీ అడుగుతుంటారు. అప్పట్లో అడిగితే తడుముకోకుండా కార్గో అనేవాణ్ణి.

పాసింజర్లు మగపెళ్ళివారి లాంటివాళ్ళు. కాస్త కుదుపొచ్చినా, మబ్బు అడ్డొచ్చి ఆలస్యమైనా పైలట్‌దే తప్పు. సరుకు నోట్లో నాలుక లేనిది. దాంతోనూ ప్రమాదం ఉంది. బస్తాలు బిగించి కట్టకపోతే గాల్లో వెనక్కి జారి, తోక బరువెక్కి విమానం మన మాట వినదు. పాసింజరు భయమేస్తే కేక పెడతాడు, బస్తా చెప్పకుండా జారుతుంది. అయినా నాకు ఆ మౌనమే హాయిగా ఉండేది. మనుషులతో నాకు ఓపిక తక్కువ, దాచుకోవడమెందుకు.

ఒక ఏడు కృష్ణకు వరదొచ్చి దివిసీమలో గట్లు తెగాయి. నాగాయలంక అవతల ఒక ఊరివాళ్ళు మూడు రోజులుగా కరకట్ట మీదే ఉన్నారు. పడవలు చేరలేకపోతున్నాయి. పైనుంచి బియ్యం వెయ్యమని మాకు చెప్పారు.

దీన్ని ఫ్రీ డ్రాప్ అంటారు, పారాచూట్ లేకుండా వదలడం. సగం నింపిన బియ్యం సంచిని పెద్ద గోనెలో పెట్టి కుడతారు. లోపలిది పగిలినా పైది ఆపుతుంది. విమానం తలుపు ఊడదీసి ఇద్దరు కూలీలు బస్తాలతో కూర్చుంటారు. నేను గంట కొట్టగానే కాళ్ళతో తోసేస్తారు. మొదటి చుట్టు డ్రై రన్. ఏమీ వదలకుండా కిందుగా వెళ్ళి, జనాన్ని తప్పుకోమని హెచ్చరించడం. రెండో చుట్టులో వదలడం.

డ్రై రన్‌లో కట్ట నిండా జనం, కట్ట చివర ఖాళీగా ఒక మెరక కనిపించాయి. బస్తాలు అక్కడ వేద్దామనుకున్నాం. మలుపు తిరిగి వచ్చేసరికి వానజల్లు అడ్డొచ్చింది.

"ఇంకో చుట్టు తిరుగుదామా సార్? మెరక సరిగ్గా కనపడట్లేదు" అన్నాడు కో-పైలట్ మూర్తి.

"ఇందాక చూశాంగా, ఖాళీయే. వాన ముదిరితే ఈమాత్రం కూడా కనపడదు" అని గంట కొట్టాను.

కింద ఏమైందో మాకు తెలియదు. గన్నవరంలో దిగి టీ తాగుతుంటే కట్ట మీద చిక్కుకున్న పోలీసుల వైర్‌లెస్‌లో కబురొచ్చింది, బస్తా తగిలి ఒక మనిషి పోయాడని.

విచారణలో నా తప్పేమీ లేదన్నారు. డ్రై రన్ చేశాను కదా. కానీ ఆ మాటతో నాకు సరిపోలేదు. వరద తీశాక బస్సులో నాగాయలంక వెళ్ళి, పడవెక్కి ఆ ఊరు చేరాను. పోయినతని పేరు ఏసోబు. అతని భార్య మరియమ్మ కూలిన గోడకు మట్టి మెత్తుతోంది. ఆ విమానం నడిపింది నేనేనని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. చేతులు కడుక్కుని నులకమంచం వాల్చింది.

"మీరొకసారి వచ్చి ఏమీ వెయ్యకుండా ఎల్లిపోయారు గదండీ. మేం కనపళ్ళేదేమో అనుకున్నాం. పిల్లలకి రెండ్రోజుల్నించీ గంజి కూడా లేదు. మిమ్మల్ని పిలుద్దామని ఆయన తువ్వాలు ఊపుకుంటా, కేకలేసుకుంటా మెరక మీదకి పరిగెత్తాడు."

మొదట ఉత్త చుట్టు తిరుగుతామని ఆ ఊరికి ఎవరం చెప్పలేదు. తప్పుకోమని నేను హెచ్చరించాననుకున్నాను. వాళ్ళు మాత్రం వదిలేసి పోతున్నామనుకున్నారు.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"ఆ బస్తా పగల్లేదండీ. ఆ బియ్యమే వండి పిల్లలకి పెట్టాను. ఏం చెయ్యను మరి" అంది.

ఆ తర్వాత ఎక్కడ బియ్యం వెయ్యాల్సి వచ్చినా, ముందు పోలీసు వైర్‌లెస్‌లో కబురు పంపించేవాణ్ణి, మొదటిసారి ఉత్తినే వస్తాం, కట్ట మీదే కూర్చోండి అని. నేల కళ్ళారా కనపడేదాకా ఎన్ని చుట్లయినా తిరిగేవాణ్ణి. కార్గో నడిపితే మనుషులతో పని లేదనుకోవడమే నా పొరపాటు. ఆ సరుకు కోసం కింద ఎదురుచూసేవాళ్ళున్నారు, వాళ్ళ గొంతు మనదాకా రాదు.

రెండేళ్ళకు మళ్ళీ పాసింజర్ల విమానానికి మారాను. కుదుపులకు వెనకనుంచి ఎవరైనా కేక పెడితే ఇదివరకులా విసుక్కునేవాణ్ణి కాదు. ఆ కేక నాకు వినపడేది. ఏసోబుది వినపడలేదు.